వనజా, నువ్వు చెప్పు

హైదరాబాద్,
19 జూన్ 2006.

ఒరేయ్ ఉదయ్,

బడి తెరిచి వారం దాటింది. తిరిగి క్షేమంగా చేరానని ఒక్క ముక్క రాయడానికి నీకు చెయ్యి రాలేదు. కల్లూరులో నాన్న, భద్రాచలం బస్సు ఆగినప్పుడల్లా నీ కబురు తెచ్చినవాళ్లెవరైనా దిగారా అని చూసి వస్తున్నాడట. మీ అడవిలో సెల్‌ఫోను పనిచెయ్యదని తెలుసు. కలం కూడా పనిచెయ్యదా?

సరే, తిట్లు అయిపోయాయి. అసలు సంగతి విను. నన్ను బడి నుంచి తీసి టీవీ పాఠాల స్టూడియోలో వేశారు. ఇక్కడ నేను చెప్పే పాఠం ఉపగ్రహం మీదుగా జిల్లాల్లోని బడులన్నిటికీ ఒకేసారి వెళ్తుంది. ఏడో తరగతి సైన్సు నాది. సోమ, బుధ, శుక్రవారాలు పదకొండు గంటలకు. మీ ఆశ్రమ పాఠశాలకు ఈ నెలలోనే టీవీ, డిష్షు వస్తాయని జాబితాలో ఉంది. ఇప్పలపాడు పేరు కనబడగానే ఇది మా తమ్ముడి బడి అని కెమెరామన్‌కు కూడా చూపించాను. అతనికేం పట్టింది పాపం, తల ఊపాడు.

పదిహేనేళ్లు పాఠం చెప్పినదాన్ని, మొదటి రోజు నాకు నోరు ఎండిపోయింది. ఎదురుగా పిల్లలు లేరు. కెమెరా ఒకటి, కళ్లలో పొడిచే దీపాలు నాలుగు. నేను వాళ్లకు కనిపిస్తాను, వినిపిస్తాను. వాళ్లు నాకు కనిపించరు, వినిపించరు. ఫోనున్న బడుల వాళ్లు పాఠం చివర ఫోను చేసి సందేహం అడగొచ్చు. ఫోను లేని మీ బడిలాంటివే ఎక్కువ.

మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. సన్నగళ్ల చీర కట్టుకోకూడదట, టీవీలో గళ్లు పాకినట్టు కనబడతాయట. వెయ్యిమందితో మాట్లాడుతున్నట్టు కాకుండా కెమెరా వెనక ఒక్క పిల్ల ఉన్నట్టు అనుకుని, ఆ ఒక్క పిల్లతో మాట్లాడాలట. ప్రశ్న అడగ్గానే జవాబు మనమే చెప్పేయకూడదు. మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టి, నిజంగా విన్నట్టు మొహం పెట్టి, "చాలా బాగా చెప్పావు" అనాలి. అలా అంటే అవతల నోరు విప్పని పిల్లలు కూడా విప్పుతారని మా శిక్షకుల మాట. గోడకు శభాష్ చెప్పడమేమిటని నాకు నవ్వొచ్చింది. కానీ నేర్చుకున్నాను, నీకు తెలుసుగా నా సంగతి.

నీ వల్ల ఒక సాయం కావాలి. మీ ఏడో తరగతిలో అసలు నోరు విప్పని పిల్ల ఎవరో రాయి. కెమెరా వెనక ఆ పిల్లను కూర్చోబెట్టుకుని పాఠం చెబుతాను.

దోమతెర కట్టుకుంటున్నావని నమ్ముతూ,
మీ అక్క హైమ.

ఇప్పలపాడు, చర్ల మండలం,
3 జూలై 2006.

అక్కా,

నీ తిట్లు ఐదు రోజులు ప్రయాణం చేసి కూడా వేడి తగ్గకుండా అందాయి.

నీ టీవీ జీపులో వచ్చింది. డిష్షు బిగించడానికి వచ్చినవాళ్లు పొద్దున్నించి సాయంత్రం దాకా బడి కప్పు మీదే ఉన్నారు. కిందనుంచి మా పిల్లలు ఇటు తిప్పమని, అటు తిప్పమని ఒకటే సలహాలు. చివరికి మర్నాడు పదకొండింటికి నువ్వు కనబడ్డావు. "సారు వాళ్ల అక్క" అని నేను చెప్పగానే ఇరవై రెండుమందీ ఒకసారి నీ మొహం, ఒకసారి నా మొహం చూసి, నువ్వే బాగున్నావని తేల్చారు.

ఒక సంగతి చెబుతాను. నువ్వు ప్రశ్న అడిగితే వీళ్లు లేచి నిలబడి నీకే జవాబు చెబుతున్నారు. నువ్వు "చాలా బాగా చెప్పావు" అనగానే, చెప్పినవాడు మురిసిపోయి కూర్చుంటున్నాడు. నీకు వినబడుతుందనే వాళ్ల నమ్మకం. ఆ టీవీకి చెవులు లేవురా అని చెప్పబోయి ఊరుకున్నాను. నా ముందు చేతులు కట్టుకుని తలలు వంచుకుని ఉండే పిల్లలు, నీ ముందు పోటీలు పడి లేస్తుంటే నాకెందుకు మధ్యలో?

నువ్వడిగిన పిల్ల పేరు వనజ. దూలయ్య, ఎర్రమ్మల కూతురు. అడవిలోకి ఎనిమిది కిలోమీటర్లు నడిస్తే వాళ్ల గూడెం. పోడు చేసుకునేవాళ్లు, ఇంట్లో కోయ మాటే. ఈ పిల్ల నోరు విప్పకపోవడానికి కారణం నేనే. నిరుడు నేను చేరిన వారానికి, నన్ను చూసి నవ్వుతూ, "సారూ, నువ్వు బువ్వ తిన్నవా?" అని అడిగింది. సారును పట్టుకుని నువ్వు అంటావా అని క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. ఎగతాళికి కాదు, ఊరికే వచ్చింది నవ్వు. ఆ రోజు మూసిన నోరు నా ముందు మళ్లీ తెరవలేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది, అంతే.

అలాంటిది మొన్న శుక్రవారం లేచింది. వేర్లు ఎన్ని రకాలని నువ్వడిగావు. "తల్లివేరు, గుబురువేరు" అంది. నా వైపు చూడనే లేదు, నీకే చెప్పింది. నువ్వు శభాష్ అన్నాక దాని మొహం చూసి నాకు సంతోషమూ వేసింది, సిగ్గూ వేసింది.

ఏడో తరగతి పరీక్ష పాసయితే పిల్ల పై బడికి పోతుంది. తప్పితే మిరపకాయలు ఏరడానికి మన కల్లూరు వైపే కూలికి వస్తుంది, దానికన్నా పెద్దపిల్లలు ఇద్దరు నిరుడు అలాగే వెళ్లారు. దీన్ని నువ్వు గట్టెక్కించాలి. నా వల్ల కాలేదు.

నీ కన్నా అందం తక్కువైన తమ్ముడు,
ఉదయ్ భాస్కర్.

హైదరాబాద్,
12 జూలై 2006.

ఉదయ్,

నువ్వు నవ్వావని చదివి నీ చెవి మెలిపెట్టాలనిపించింది. అన్నం తిన్నావా అని అడిగిన పిల్లను చూసి నవ్వుతారట్రా ఎవరైనా? తిన్నానమ్మా, నువ్వు తిన్నావా అంటే నీ సొమ్మేం పోయేది? చిన్నప్పుడు నువ్వు "ళ" పలకలేక ఏడుస్తుంటే నేను ఒక్కరోజు నవ్వానా?

అయినా వేర్ల సంగతి చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లకు ఈ దీపాల అవతల నాకొక పిల్ల దొరికింది. మా అధికారితో మాట్లాడాను. రోజుకొక బడి నుంచి ఒక పిల్లను పేరు పెట్టి పిలవడానికి ఒప్పుకున్నాడు. ఇకనుంచి వారానికొకసారి "ఇప్పలపాడు వనజా, నువ్వు చెప్పు" అంటాను. దానికి నోట్లో నాలుక ఉందని లోకానికి తెలియాలి.

ఇంకొకటి కూడా మొదలుపెడుతున్నాను. పాఠం చివర "ఇక మీరు చెప్పండి, నేను వింటాను" అని పదిహేను సెకన్లు నోరు మూసుకుంటాను. పాఠం గురించే కానక్కర్లేదు, వాళ్లకు తోచింది వాళ్లు చెప్పుకోవచ్చు. నాకు వినబడదని మాత్రం నువ్వు చెప్పకు. పరీక్షలు అయ్యేదాకా ఆ నమ్మకం అలాగే ఉండనీ. దాని వల్ల మేలే తప్ప కీడు లేదు.

అయితే నీకొక షరతు. నా చెవులు నువ్వే. పాఠం జరిగినంతసేపూ క్లాసులో వాళ్ల వెనక కూర్చో. ఆ పదిహేను సెకన్లలో ఎవరేం చెప్పారో ఒక పుస్తకంలో రాసి నాకు పంపు. తర్వాతి పాఠాల్లో జవాబు చెబుతాను. అప్పుడు నేను చేసేది మోసం కాదు, కాస్త ఆలస్యంగా వినడం. నువ్వు ఈ పని చెయ్యకపోతే మాత్రం మోసమే అవుతుంది. చెవిన వేసుకో.

నాన్నకు కూడా ఒక కార్డు ముక్క రాయి.

హైమక్క.

ఇప్పలపాడు,
28 జూలై 2006, శుక్రవారం.

అక్కా,

ఈ ఉత్తరం బడి వరండాలో కూర్చుని రాస్తున్నాను. లోపల నీ పాఠమే జరుగుతోంది. కోప్పడకు, ఇవాళ ఒక్కరోజే. హెడ్మాస్టరు హరిలాల్ సారు మీటింగని ఖమ్మం వెళ్లాడు. బియ్యం లెక్కలు, హాజరు పట్టీలు అన్నీ నా నెత్తిన పడ్డాయి. నిజం చెప్పాలంటే పిల్లల్ని నీకు అప్పగించిన ఆ గంటే నేను ఊపిరి పీల్చుకునే గంట.

వానలు పట్టుకున్నాయి. జ్వరాలూ మొదలయ్యాయి. ఒంట్లో బాగాలేదని వచ్చి చెప్పినవాళ్లకు మాత్రలు వేయిస్తున్నాను. తగ్గకపోతే చర్ల దవాఖానాకు జీపెక్కిస్తున్నాను. ఈ నెలలో తొమ్మిది మందిని పంపాను, అందరూ బాగుపడి వచ్చారు.

నీ పదిహేను సెకన్ల మహిమ అంతా ఇంతా కాదు. మా కోడి పదకొండు పిల్లల్ని చేసిందని ఒకడు చెప్పాడు. నీ చీర బాగుంది టీచర్ అని ఒకతె చెప్పింది. అన్నీ పుస్తకంలో రాస్తున్నాను, నిండగానే పంపుతాను. వనజ ఒకరోజు ఏమడిగిందో తెలుసా? "టీచర్, నువ్వు బువ్వ తిన్నవా?" అంది. నువ్వు "చాలా బాగా చెప్పావు" అన్నావు. ఈసారి క్లాసులో ఎవరూ నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

ఆగు, ఇప్పుడే నువ్వు పిలిచావు. "ఇప్పలపాడు వనజా, ఇక నువ్వు చెప్పు" అన్నావు. వనజ లేచింది. గొంతు వినబడుతోంది కానీ రేకుల మీద వాన మోతకు మాట తెలియడం లేదు. ఇవాళ ఆగకుండా చాలాసేపు చెబుతోందే! ఇప్పుడు నువ్వు "చాలా బాగా చెప్పావు వనజా, కూర్చో" అన్నావు. కిటికీలోంచి చూశాను, కూర్చుంది.

ఏడాది మూగగా ఉన్న పిల్లచేత ఇంతింత మాట్లాడిస్తున్నావు. నీకు ఏమిచ్చి రుణం తీర్చుకోను? చెల్లించేది ఎలాగూ లేదు కాబట్టి ఉత్తరం ఇక్కడితో ఆపి, చర్ల వెళ్లే మనిషి చేతికి ఇస్తున్నాను.

ఉదయ్.

హైదరాబాద్,
3 ఆగస్టు 2006.

ఒరేయ్ బద్ధకపు వెధవా,

నా చెవుల్ని తీసుకెళ్లి వరండాలో కూర్చోబెట్టావన్నమాట. ఒక్కరోజే అన్నావు కాబట్టి వదిలేస్తున్నాను. మళ్లీ ఇలా చేస్తే నేనే బస్సెక్కి వస్తాను.

వనజ అంతసేపు ఏం చెప్పిందో పక్కనున్న పిల్లల్ని అడిగి రాయి. ఆ ఒక్కటీ నాకు కావాలి. ఆ మాటకు జవాబు తననే పిలిచి మరీ చెబుతాను. నేను నిజంగా విన్నానని దానికి తెలియాలి.

ఇక్కడ నా పాఠాలకు మంచి పేరు వచ్చింది. కొత్తగా చేరినవాళ్లకు నా టేపులు వేసి చూపిస్తున్నారు. ప్రశ్న అడిగాక నేను తల కొంచెం వాల్చి వింటానట, అలా వినడం నేర్చుకోండి అని వాళ్లకు చెబుతున్నారు. గొప్పలు చెప్పుకుంటున్నానని నవ్వకు. ఇదంతా ఆ పిల్ల వల్లేనని నీకు తెలుసు.

గోదావరి పెరుగుతోందని పేపర్లో చూశాను. జాగ్రత్త.

హైమక్క.

ఇప్పలపాడు,
14 ఆగస్టు 2006.

అక్కా,

నీ మూడో తారీఖు ఉత్తరం నిన్న అందింది. గోదావరి పొంగి ఇటు బస్సులు, టపా అన్నీ ఆగిపోయాయి. చర్ల వెళ్లి ఫోను చెయ్యొచ్చు, రెండు రోజుల నుంచి లైన్లు బాగానే ఉన్నాయి. నోటితో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను.

వనజ చచ్చిపోయింది అక్కా. జూలై ముప్ఫై ఒకటి, సోమవారం.

పొద్దున ప్రార్థనలో నిలబడి ఉండగానే పడిపోయింది. ఒళ్లు కాలిపోతోంది, పిలిస్తే పలకలేదు. జీపు దొరికేసరికి గంటన్నర పట్టింది. చర్లలో చూసి భద్రాచలం తీసుకుపొమ్మన్నారు. దారిలో వాగు రోడ్డెక్కింది. నీళ్లు తగ్గుతాయని ఒడ్డున ఎదురుచూస్తుండగా నా ఒళ్లోనే పోయింది. మలేరియా మెదడుకు ఎక్కిందట. "రెండు రోజుల ముందు తెస్తే మందులతో నయమయ్యేది. పిల్ల ఎవరికీ చెప్పలేదా?" అని డాక్టరు అడిగాడు. నాకు చెప్పలేదండీ అన్నాను.

నాకు చెప్పలేదు. నీకు చెప్పింది.

దాని పక్కన కూర్చునే పుష్పలత ఆ సాయంత్రం ఏడుస్తూ వచ్చి చెప్పింది. శుక్రవారం నువ్వు పిలిచినప్పుడు వనజ నీతో అన్నది ఇది: "టీచర్ గారూ, నిన్నటి నుంచి నాకు చలిజ్వరం వస్తున్నది. తల బాగ నొస్తున్నది. మందు ఇయ్యమని మా సారుకు మీరు చెప్పండి." నువ్వు బాగా చెప్పావు, కూర్చో అన్నావు. కూర్చుంది. "పొద్దుగాల నుంచి మనసుల అనుకుంట ఉన్నది సారూ, తప్పు పోకుండ చెప్పాలె అని. టీచరమ్మ నీకు చెప్తదని శనివారం చూసింది, ఐతారం చూసింది" అంది పుష్పలత. ఆ రెండు రోజులూ నేను దాని పక్కనుంచి ఎన్నిసార్లు నడిచి వెళ్లానో నాకే తెలియదు. చెప్పినవాళ్లకు మాత్రలిచ్చాను. చెప్పనివాళ్ల వైపు చూడలేదు.

పుస్తకం కూడా అబద్ధమే అక్కా. మొదటి రెండు పాఠాలకే రాశాను. తర్వాత నువ్వు మాట్లాడుతుంటే నేను రోజూ వరండాలోనే ఉన్నాను. నీకు గొప్పగా రాసిన ముచ్చట్లన్నీ అన్నాల దగ్గర పిల్లలు చెప్పగా విన్నవి.

వనజను మట్టి చేసిన రోజు ఎర్రమ్మ నా చెయ్యి పట్టుకుని, "నా బిడ్డ ఎవలికీ చెప్పలేదా సారూ, ఒక్కతే పడ్డదా?" అని అడిగింది. టీవీ టీచరమ్మకు చెప్పిందమ్మా, ఆమె విన్నది, నాకు తెలిసేసరికి ఆలస్యమైంది అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆ మాటకు ఆమె ఏడుపు కాస్త ఆగింది. అప్పటి నుంచి సంతకు వచ్చినప్పుడల్లా బడి దాకా వస్తోంది. "నా బిడ్డ ఏమేం మాట్లాడేదో ఆ టీచరమ్మకు ఎరుక గద సారూ. అడిగి చెప్పు" అంటోంది.

వరదకు పోయిన కరెంటు మొన్న పదకొండో తారీఖు శుక్రవారం వచ్చింది. పిల్లల్ని టీవీ ముందు కూర్చోబెట్టి, ఈసారి నేనూ లోపలే కూర్చున్నాను. పాఠం చివర నువ్వు నవ్వుతూ "ఇప్పలపాడు వనజా, నువ్వు చెప్పు" అన్నావు. పదిహేను సెకన్లు అక్కా. ఇరవై ఒక్కమంది పిల్లలు, ఒక్కరూ కదల్లేదు. వనజ కూర్చునే చోటు వైపు ఎవరూ చూడలేదు. తర్వాత నువ్వు తల వాల్చి, "చాలా బాగా చెప్పావు" అన్నావు.

నిన్ను తప్పుపట్టడం లేదు. నీకెలా తెలుస్తుంది? ఒక్కటే అడుగుతున్నాను. ఎర్రమ్మకు చదివి వినిపించడానికి నీ చేత్తో నాలుగు ముక్కలు రాసి పంపు. వనజ గొంతు విన్నానని, మంచి పిల్ల అని. ఆమెకు ఆ మాత్రమైనా ఉండనిద్దాం.

ఉదయ్.

హైదరాబాద్,
23 ఆగస్టు 2006.

ఉదయ్,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. నిన్ను తిడుతూ మూడు ఉత్తరాలు రాసి చించేశాను. నాలుగోది ఇది, ఇందులోనూ తిట్టకుండా ఉండలేను. ఎందుకు కూర్చున్నావురా వరండాలో? అడిగింది ఒక్కటే కదా. వాళ్ల వెనక కూర్చో అన్నాను. అంతకన్నా ఏమడిగాను నిన్ను?

ఇక నా సంగతి చెబుతాను. ఆ శుక్రవారం పదిహేను సెకన్లూ నేనేం చేస్తున్నానో తెలుసా? మనసులో అంకెలు లెక్కపెడుతూ, బల్ల మీది కాగితంలో సోమవారం పాఠం ఏమిటా అని చూసుకుంటున్నాను. మొహం మాత్రం వింటున్నట్టు పెట్టాను. ఎంత బాగా పెట్టానంటే, జ్వరంతో వణుకుతున్న పిల్ల నమ్మి కూర్చుంది. నువ్వు నవ్వి దాని నోరు మూయించావు. నేను విననిదాన్ని విన్నట్టు నటించి, ఇంకెవరికీ చెప్పకుండా మూయించాను. నీ కన్నా నేనే ఎక్కువ చేశాను. వినబడదని చెప్పకు అని నీకు రాసింది నేను. దాని వల్ల కీడు లేదని రాసింది నేను.

నిన్న మా శిక్షకుల గదిలోకి వెళ్లాను. కొత్తవాళ్లకు వేసి చూపించే టేపుల్లో జూలై ఇరవై ఎనిమిదిది కూడా ఉంది. అక్కడ నిలబడి చూశాను. ఎంత ప్రేమగా వింటున్నానురా! ఆ మనిషిని చూస్తే నాకైనా చెప్పుకోవాలనిపిస్తుంది. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, ఎవరో మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు.

ఎర్రమ్మకు ఉత్తరం రాయమన్నావు. రాయడానికి కూర్చున్నాను. "మీ అమ్మాయి గొంతు" అనే దాకా వచ్చి ఆగిపోయాను. ఆ గొంతు సన్నగా ఉంటుందో, బొంగురుగా ఉంటుందో నాకు తెలియదు. పిల్ల బతికుండగా అబద్ధం చెప్పింది చాలు. చనిపోయాక వాళ్లమ్మకు కూడా చెప్పలేను.

సెప్టెంబరు నాలుగు, సోమవారం పాఠం మొదట్లోనే నాకు మీ మాట వినబడదని పిల్లలందరికీ చెప్పేస్తాను. ఇంకే బడిలో ఏ పిల్ల ఏం చెప్పి నా జవాబు కోసం చూస్తోందో అనుకుంటే నాకు అన్నం సయించడం లేదు. మా అధికారికి చెప్పలేదు. చెబితే వద్దంటాడు. తర్వాత తీసేస్తే తీసేయనీ.

అప్పటిలోగా నువ్వు ఎర్రమ్మ గూడేనికి నడిచి వెళ్లి, ఆమెకు నిజం చెప్పు. ఈ మాట ఆమెకు టీవీలోంచి తెలియకూడదు. ఇదొక్కటైనా చెయ్యి. నా మీద ఒట్టు.

హైమ.

ఇప్పలపాడు,
5 సెప్టెంబరు 2006.

అక్కా,

నీ ఒట్టు నిలబెట్టలేదు. రెండుసార్లు బయలుదేరాను. మొదటిసారి ఊరు దాటకుండానే వెనక్కి వచ్చాను. రెండోసారి సగం దారి నడిచి, వాగు దగ్గర ఆగి తిరిగి వచ్చాను. పిల్లలకు వాగు పొంగిందని చెప్పాను. అందులో మోకాలి లోతు నీళ్లు కూడా లేవు.

నిన్న సోమవారం పది గంటలకు ఎర్రమ్మే వచ్చింది. వనజ రేకు పెట్టె తీసుకుపోదామని వచ్చింది. కాసేపట్లో టీచరమ్మ టీవీలో వస్తుందని పిల్లలు చెప్పారు. "నా బిడ్డ మాట ఇన్న తల్లి, ఒక్కపారి సూసిపోత సారూ" అంది. చీర కొంగు సర్దుకుని, వనజ కూర్చునే చోటే వెళ్లి కూర్చుంది. చెప్పాలంటే అప్పుడైనా చెప్పొచ్చు, గంట టైముంది. నేను సుద్దముక్కలు లెక్కపెడుతూ నిలబడ్డాను.

నువ్వు వచ్చావు. చిక్కిపోయావు అక్కా. "పిల్లలూ, మీరు చెప్పేది నాకు వినబడదు. ఏ రోజూ వినబడలేదు. విన్నట్టు నటించాను, తప్పు చేశాను. మీకు ఒంట్లో బాగాలేకపోతే, భయమేస్తే, ఆకలేస్తే మీ పక్కనున్న పెద్దవాళ్లకు చెప్పండి. వాళ్లు వినకపోతే వినేదాకా చెప్పండి" అన్నావు. పిల్లలు ఒక్కొక్కరే నీ వైపు నుంచి నా వైపు తిరిగారు. నువ్వింకా ఏదో చెబుతున్నావు. నేను లేచి టీవీ కట్టేశాను.

ఎర్రమ్మకు సంతలో పనికొచ్చేంత తెలుగే వచ్చు. ఏమన్నదని పుష్పలతను అడిగింది. ఆ పిల్ల కోయలో చెప్పింది. ఎర్రమ్మ కాసేపు ఆ నల్లటి టీవీ వైపు చూసి, నన్ను అడిగింది.

"గయితే నా బిడ్డ ఎవలికి చెప్పినట్టు సారూ?"

అప్పుడు చెప్పాను. నేను వరండాలో ఉన్నానని, గొంతు విని కూడా లేచి రాలేదని, మట్టి చేసిన రోజు ఆమెతో అన్నది అబద్ధమని, అన్నీ చెప్పాను. పుష్పలత ఏడుస్తూ ఒక్కో ముక్కా ఆమె మాటలో చెప్పింది. తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆమె నేల మీద చెయ్యి పెట్టి చూపించి, "కూసో. గిప్పుడన్న ఇను" అంది.

కూర్చున్నాను. కోయలో మొదలుపెట్టింది. వనజ పుట్టిన దగ్గర నుంచి చెప్పిందో, పోయిన రోజు గురించే చెప్పిందో నాకు తెలియదు. మధ్యమధ్య వనజ పేరు ఒక్కటే అందింది. ఒకచోట నవ్వింది కూడా. పిల్లలు కొందరు ఆమెతోపాటు నవ్వి, మళ్లీ ఏడ్చారు. అన్నం గంట కొట్టినా ఎవరూ లేవలేదు. పుష్పలత నాకు తెలుగులో చెప్పబోతే ఎర్రమ్మ చెయ్యెత్తి ఆపింది.

చెప్పడం అయిపోయాక నా మొహంలోకి చూసి, "ఇన్నవా సారూ?" అంది.

"విన్నానమ్మా. ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు" అన్నాను.

ఆమె లేచి, పెట్టె నెత్తికెత్తుకుంది.

"అవ్ సారూ. నా బిడ్డకు గూడ మీ బడిల మొదలు రెండేండ్లు గట్లనే ఉండె. గయినా రోజూ కూసున్నది."

ఉదయ్.